అరకిలో రివాల్వర్... బరువెంత?

పోయిన నెల ఓ రాత్రి పదకొండింటికి మా పిన్ని కూతురు వాట్సాప్‌లో ఓ ఫొటో పంపింది. ముచ్చటగా ఉన్న మెరూన్ రంగు పెట్టె. నగల పెట్టెలాగే ఉంది. ‘నెక్లెస్ కొన్నావా?’ అని టైప్ చేయబోయి ఆగిపోయా. పెట్టెలో ఉన్నది నెక్లెస్ కాదు, రివాల్వర్! నెట్‌లో దొరికిన ఫొటోనే. దాని కింద ఒక్కటే లైను: “అక్కా, ఇది అరకిలోనేనట. హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. తీసుకోనా?”

నవ్వి ఊరుకునే ప్రశ్న కాదది. బాబాయి పోయాక కోదాడ దగ్గర హైవే మీదున్న పెట్రోలు బంకు తనే చూసుకుంటోంది. రాత్రి క్యాష్ లెక్క చూసుకుని స్కూటీ మీద ఇంటికెళ్తుంది. ఈ మధ్య రెండుసార్లు ఒకే బైకు చాలా దూరం వెనకే వచ్చిందట. బాబాయికి లైసెన్సున్న పాత .32 రివాల్వర్ ఒకటి ఉండేది. ఆయన పోయాక దాన్ని చట్టప్రకారం లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర డిపాజిట్ చేశారు. ఇప్పుడు తన సందేహం రెండు ముక్కల్లో: నాన్న తుపాకీ నా పేరు మీదకి మార్పించుకోనా, తేలికైన కొత్తది కొనుక్కోనా?

అసలు తుపాకీ ఎందుకే అని మందలించి ఫోను పెట్టేయొచ్చు. కానీ భయపడుతున్న మనిషికి మందలింపు పనికిరాదు. అందుకే తనతో పాటు నేనూ కూర్చుని ఈ చిన్న రివాల్వర్ల సంగతంతా చదివాను. తనకి చెప్పిందే మీకూ చెప్తున్నా.

మెరూన్ పెట్టె కథ

ఆ ఫొటోలోది ‘నిర్భీక్’. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత, ఆ అమ్మాయికి దేశం పెట్టుకున్న ‘నిర్భయ’ పేరు గుర్తొచ్చేలా దీనికి పేరు పెట్టారు. కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 2014 జనవరిలో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. .32 బోరు. టైటానియం మిశ్రమలోహం వాడటంతో బరువు 500 గ్రాములకు దిగింది. అప్పట్లో ధర 1,22,360 రూపాయలు. ఆడవాళ్ల కోసం అంటూ నగల పెట్టెలాంటి దాన్లో పెట్టి మరీ అమ్మారు.

అప్పుడే పెద్ద చర్చ నడిచింది. ఆడపిల్ల పర్సులో పట్టే తుపాకీ వచ్చిందని కొందరు సంబరపడ్డారు. మణిపూర్‌లో తుపాకీ హింసలో భర్తల్ని, బిడ్డల్ని పోగొట్టుకున్న మహిళలతో పనిచేసే బీనాలక్ష్మీ నెప్రం లాంటివాళ్లు మాత్రం గట్టిగా వ్యతిరేకించారు. ఆడవాళ్లకు రక్షణ ఇవ్వాల్సిన ప్రభుత్వమే తుపాకీ కొనుక్కోమనడం ఏమిటన్నది వాళ్ల వాదన. లక్షా ఇరవై వేలు పెట్టి ఎంతమంది కొనగలరన్నది ఇంకో ప్రశ్న.

ఆ తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ నుంచి ఇంకా చిన్నది, .22 బోరు ‘నిడర్’ వచ్చింది. బరువు 250 గ్రాములే. 2023లో కాన్పూరు నుంచే ‘ప్రబల్’ వచ్చింది. అది సుమారు 700 గ్రాములు. గుండు 50 మీటర్ల దాకా పనిచేస్తుందని తయారీదారుల మాట. అంటే మన దేశంలోనే పావుకిలో నుంచి ముప్పావుకిలో దాకా రకాలున్నాయి. మరి వీటిలో తేలికైనదే మంచిదా? చెల్లెలి లెక్క అదే. చాలామంది లెక్కా అదే. అక్కడే పొరపాటు పడతాం.

చిన్నది ఎందుకు పుట్టిందంటే...

ఇప్పుడు మనం చూసే పొట్టి రివాల్వర్ రూపుదిద్దుకుంది అమెరికాలో, అదీ ఎక్కువగా పోలీసుల కోసం. యూనిఫాం లేకుండా తిరిగే డిటెక్టివ్‌లకు కోటు కింద కనపడకుండా దాచుకునే తుపాకీ కావాలి. 1927లో కోల్ట్ కంపెనీ ‘డిటెక్టివ్ స్పెషల్’ తెచ్చింది. రెండంగుళాల బ్యారెల్, ఆరు తూటాలు. 1950లో స్మిత్ అండ్ వెసన్ ఇంకాస్త చిన్నది తయారు చేసి, పోలీసు అధిపతుల సదస్సులో చూపించింది. వాళ్లే దానికి ‘చీఫ్స్ స్పెషల్’ అని పేరు పెట్టారు. దాన్లో ఐదు తూటాలే. ఒకటి తగ్గితే సిలిండర్ సన్నబడుతుంది, జేబులో ఎత్తుగా కనపడదు. ఆ తర్వాత ఉక్కు ఫ్రేము బదులు అల్యూమినియం వచ్చింది. ఆపైన టైటానియం, స్కాండియం కలిపిన లోహాలు వచ్చాయి. 2009లో రూగర్ కంపెనీ కొంతభాగం ప్లాస్టిక్‌తో చేసిన రివాల్వరే తెచ్చింది. అర కిలో పైనున్న తుపాకీ అలా 400 గ్రాములకి, కొన్ని రకాల్లో 330 గ్రాములకి దిగింది.

ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఈ తగ్గింపులన్నీ మోయడం కోసం. పేల్చడం కోసం కాదు. రోజంతా నడుముకో, జేబులోనో ఉండాలి కాబట్టి బరువు తగ్గించారు. పేల్చాల్సిన ఆ రెండు సెకన్ల సంగతికొస్తే, బరువు తగ్గిన ప్రతి గ్రాముకీ చెయ్యి బదులు చెప్పాల్సిందే.

వాటర్ బాటిల్‌తో ఓ చిన్న పరీక్ష

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. అర లీటరు నీళ్ల బాటిల్ తీసుకుని చెయ్యి చాపి పట్టుకోండి. నిర్భీక్ దాదాపు అంతే బరువు. హాయిగా ఉంది కదా? ఇప్పుడు ఐదు కిలోల బియ్యం సంచిని ఒక్క చూపుడు వేలితో పైకి లేపండి.

సంచికీ తుపాకీకీ సంబంధమేంటంటారా? రివాల్వర్లో ట్రిగ్గర్ నొక్కితే ఒకేసారి రెండు పనులు జరగాలి. సిలిండర్ తిరిగి కొత్త తూటా ముందుకు రావాలి, సుత్తి వెనక్కి లేచి పడాలి. రెండింటినీ నడిపేది మీ వేలే. దీన్నే డబుల్ యాక్షన్ అంటారు. పొట్టి రివాల్వర్లలో ఇందుకు సాధారణంగా ఐదు కిలోలు లాగినంత బలం కావాలి. తుపాకీ బరువేమో అర కిలో. అంటే తన బరువుకి పదింతలు బలంతో ట్రిగ్గర్ లాగుతూ, తుపాకీ మాత్రం కదలకుండా చూడాలి. బరువైన తుపాకీ అయితే ఆ బరువే దాన్ని కుదురుగా ఉంచుతుంది. తేలికైనది పక్కకి లాగేస్తుంది. బ్యారెల్ పొట్టిది కాబట్టి ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం కూడా తక్కువే. చేతిలో వెంట్రుకవాసి తేడా, ఐదారు మీటర్ల దూరంలో జానెడు తేడా అయి కూర్చుంటుంది.

ఇంకోటి రీకాయిల్, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్ను. ఇది ఇంటర్ ఫిజిక్సే. అదే తూటా పేల్చినప్పుడు తుపాకీ బరువు సగమైతే, వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుతుంది. బాబాయి పాత రివాల్వర్ ఏడొందల గ్రాములనుకుంటే, అదే తూటా అరకిలో తుపాకీలో నలభై శాతం ఎక్కువగా తంతుంది. మనదగ్గర దొరికే .32 తూటా కాస్త మెతకది కాబట్టి ఈ తన్ను భరించలేనంత ఉండదు. అమెరికాలో 330 గ్రాముల తుపాకీలో .357 మాగ్నమ్ వేసి పేల్చినవాళ్లని అడగండి. ఐదు తూటాలకే అరచెయ్యి మండిపోయిందని, ఆరోది పేల్చబుద్ధి కాలేదని చెప్తారు. అంత తేలికైన తుపాకుల్లో మరో చిత్రం కూడా జరుగుతుంది. ఒక తూటా పేలిన కుదుపుకి, పక్క అరల్లో ఉన్న తూటాల ముందు భాగం తొడుగులోంచి కొద్దికొద్దిగా బయటికి జారుతుంది. అది సిలిండర్ తిరగకుండా అడ్డుపడుతుంది. సరిగ్గా కావాల్సిన క్షణంలో తుపాకీ బిగుసుకుపోతుంది.

చెయ్యి నొప్పి పుడితే మనిషి ఏం చేస్తాడు? ప్రాక్టీస్ మానేస్తాడు. అసలు ప్రమాదం ఇది. తేలికైన తుపాకీకి ఎక్కువ సాధన కావాలి. అదేమో సాధన చేయబుద్ధి కానిది. అందుకే ఈ రంగంలో తలపండినవాళ్లు పొట్టి రివాల్వర్‌ని కొత్తవాళ్ల తుపాకీ కాదంటారు. చూడటానికి బొమ్మలా ఉంటుంది, నేర్చుకోవడానికి మాత్రం మొండిది.

ఎంచుకోవాల్సి వస్తే ఏం చూడాలి?

చెల్లికి రాసిచ్చిన లిస్టు ఇది.

పిడి: అన్నిటికన్నా ముందు ఇదే. చిటికెన వేలు గాల్లో వేలాడకుండా మూడు వేళ్లూ పిడి మీద కూర్చోవాలి. రబ్బరు పిడి తన్నుని కొంత మింగుతుంది. కానీ జేబులోంచి తీసేటప్పుడు బట్టకి అతుక్కుంటుంది. నున్నటి చెక్క పిడి సులువుగా బయటికొస్తుంది, చేతిని మాత్రం నొప్పిస్తుంది. రెండూ పట్టుకుని చూశాకే నిర్ణయం.

ట్రిగ్గర్: తూటాలు లేవని మీ కళ్లతో చూసుకున్నాక, డీలరు అనుమతితో, సురక్షితమైన వైపు గురిపెట్టి, ట్రిగ్గర్ చివరిదాకా లాగి చూడాలి. పదిసార్లు లాగేసరికి వేలు వణుకుతోందంటే అది మీకు తగింది కాదు.

సుత్తి: వెనక కొక్కెంలా పొడుచుకొచ్చిన సుత్తి ఉంటే జేబులోంచి తీసేటప్పుడు బట్టకో, బ్యాగు లైనింగుకో పట్టుకుంటుంది. అందుకే జేబు తుపాకుల్లో చాలావాటికి సుత్తిని లోపలే దాచేస్తారు.

బోరు: మనకి పెద్దగా చాయిస్ లేదు. సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం. లాంటి బోర్లు సామాన్యులకి నిషిద్ధం. అందుకే మన దేశంలో ఆత్మరక్షణ రివాల్వర్ అంటే ఎక్కువగా .32. .22 ఇంకా మెతక. గురి కుదరడం తేలిక, తగిలినా ఎదుటివాడు అక్కడికక్కడే ఆగుతాడన్న భరోసా తక్కువ.

బరువు: ఇది చివర చూడాలి. మనమేమో మొదట దీన్నే చూస్తాం.

ఈ లెక్కన బాబాయి పాత రివాల్వరే మేలు కదా అంది చెల్లి. గురి వరకైతే అవును, బరువు దానికి అక్కరకొస్తుంది. కానీ ఏళ్ల తరబడి అల్మారాలో ఉన్నది. తెలిసిన ఆర్మరర్ విప్పి చూసి, సిలిండర్ బిగువు సరిగ్గా ఉందని చెప్పేదాకా నమ్మకూడదు. తోలు హోల్‌స్టర్‌లోనే పెట్టి వదిలేస్తే తోలు తేమ పీల్చి ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇంకా తొందరగా.

హ్యాండ్‌బ్యాగు... అన్నిటికన్నా చెడ్డ చోటు

చెల్లెలు ‘బ్యాగులో పడుతుంది’ అన్న మాట దగ్గరికొద్దాం. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో డెన్నిస్ ట్యూలర్ అనే పోలీసు శిక్షకుడు 1983లో ఓ లెక్క రాశాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి పరుగెత్తుకొస్తే మీ మీద పడటానికి పట్టేది సుమారు ఒకటిన్నర సెకను. మన ఇంటి హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉండే దూరమది.

ఇప్పుడు స్టాప్‌వాచ్ పెట్టుకుని, భుజానున్న బ్యాగు జిప్పు తీసి అడుగునున్న లిప్‌స్టిక్ బయటికి తీయండి. నేను తీస్తే ఆరు సెకన్లు పట్టింది. అదీ కుర్చీలో కూర్చుని, భయమేమీ లేకుండా. చెల్లి సంగతి ఇంకా కష్టం. స్కూటీ మీద రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి, బ్యాగు సీటు కింద డిక్కీలో ఉంటుంది. పైగా దొంగ మొదట లాక్కునేది బ్యాగునే. అంటే డబ్బుతో పాటు తుపాకీ కూడా వాడి చేతికి అప్పజెప్పినట్టు.

కాబట్టి మోసేవాళ్లు ఒంటికే మోయాలి. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకునే గట్టి హోల్‌స్టర్ తప్పనిసరి. నడుముకైతే బెల్టు కూడా గట్టిది కావాలి. జేబులో అయితే ఆ జేబు తుపాకీకి మాత్రమే. తాళాలు, చిల్లర, పెన్ను ఏవీ ఉండకూడదు. హోల్‌స్టర్ లేని జేబులో తాళం చెవి ట్రిగ్గర్ సందులో దూరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చాలా రివాల్వర్లకు విడిగా సేఫ్టీ మీట ఉండదు. ఆ ఐదు కిలోల ట్రిగ్గరే దాని సేఫ్టీ.

మన చట్టం కూడా ఇదే చెప్తుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో, పూర్తిగా కప్పి ఉండాలి. మీ అదుపులో ఉండాలి. తీసి ఊపడం, చూపించి బెదిరించడం నేరం. రీల్స్ కోసం తుపాకీతో పోజులిచ్చేవాళ్లు ఈ లైను రెండుసార్లు చదువుకోండి. పెళ్లి బరాత్‌లో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదకి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 2019లో చట్టం సవరించి మరీ పెట్టారు.

లైసెన్సు కాగితం కాదు, పరీక్ష

మన దగ్గర తుపాకీ హక్కు కాదు, అనుమతి. 1959 ఆయుధ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండాలి. జిల్లాల్లో కలెక్టర్, కమిషనరేట్ల పరిధిలో పోలీస్ కమిషనర్ లైసెన్సు ఇస్తారు. మీ ప్రాణానికో ఆస్తికో రక్షణ నిజంగా అవసరమని చూపించాలి. స్టేషన్ నుంచి విచారణ రిపోర్టు వెళ్తుంది. కేసులు, మానసిక ఆరోగ్యం, ఇరుగుపొరుగు మాట అన్నీ చూస్తారు. ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కావాలి. ఇంట్లో పిల్లల చేతికి అందకుండా భద్రంగా దాస్తానని రాసివ్వాలి. ఇవన్నీ అయ్యాకా కాదనొచ్చు. వస్తే ఐదేళ్లకి ఇస్తారు. ఒక్కరికి రెండుకి మించి తుపాకులు ఉండకూడదు.

తండ్రి తుపాకీ కొడుక్కో కూతురికో ఆటోమేటిగ్గా రాదు. లైసెన్సుదారు పోగానే ఇంట్లోవాళ్లు ఆలస్యం చేయకుండా దాన్ని పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పజెప్పాలి. వారసులు సొంతంగా లైసెన్సు తెచ్చుకుంటేనే తిరిగి తీసుకోవాలి. ‘నాన్న గుర్తు’ అని బీరువాలో ఉంచుకుంటే అది లైసెన్సు లేని ఆయుధమే. దానికి శిక్ష కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా పోవచ్చు.

చెల్లికి ఇంకో చిక్కు కూడా ఉంది. లైసెన్సు ఎక్కడిదాకా చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. తెలంగాణ వరకే ఉన్న లైసెన్సుతో కోదాడలో తిరగొచ్చు. అదే బ్యాగుతో పని మీద పక్కనున్న జగ్గయ్యపేట వెళ్తే? అరగంట కూడా పట్టని ప్రయాణం, కానీ రాష్ట్రం మారింది. అక్కడ ఆ లైసెన్సు లేనట్టే. ఎన్నికలొస్తే స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. విమానం ఎక్కాలంటే ముందే చెప్పి, తూటాలు తీసి, చెక్-ఇన్ లగేజీలో నియమాల ప్రకారం పంపాలి. బ్యాగు మూల మరిచిపోయిన ఒక్క తూటా చాలు, ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కే.

పేల్చాక ఏమవుతుంది?

సినిమాలో హీరో కాల్చాక సీన్ కట్ అవుతుంది. జీవితంలో అక్కడే మొదలవుతుంది. 2024 జులై నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. హక్కు ఉంది. ప్రాణం పోతుందన్న భయం, తీవ్ర గాయం, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి లాంటి సందర్భాల్లో ఎదుటివాడి ప్రాణం పోయినా చట్టం అండగా ఉంటుంది.

కానీ దానికి గట్లున్నాయి. పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఆ హక్కు రాదు. అవసరానికి మించి హాని చేయకూడదు. ప్రమాదం ఉన్నంతసేపే హక్కు. బ్యాగు లాక్కుని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అది ఆత్మరక్షణ అని కోర్టుని ఒప్పించడం చాలా కష్టం. బైకు వెనక వస్తోందని చూపించి బెదిరిస్తే? అదీ మీ మెడకే చుట్టుకోవచ్చు. గురి తప్పిన గుండు దారినపోయేవాళ్లకి తగిలితే దానికీ మీరే జవాబు చెప్పాలి. అదీ పెట్రోలు బంకులో అయితే... ఆ మాట చెల్లే అంది, నేను అనలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఓ మాట

డల్లాస్‌లోనో అట్లాంటాలోనో చదువుకుంటూ రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్లో, స్టోర్‌లో పనిచేసే మన పిల్లలకీ ఈ ఆలోచన వస్తుంది. అక్కడ వాల్‌మార్ట్‌లోనే తూటాలు దొరుకుతాయి కాబట్టి చట్టం కూడా తేలికే అనుకుంటారు. కాదు. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. శిక్ష పదిహేనేళ్ల దాకా ఉండొచ్చు. వీసా సంగతి వేరే చెప్పాలా? రూమ్మేట్ తుపాకీతో సెల్ఫీ దిగడానికి ముందు కూడా ఒక్క క్షణం ఆగండి.

గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి దారి ఉంది, అయితే రాష్ట్రానికో రూలు. టెక్సాస్‌లో 2021 నుంచి చాలామందికి పర్మిట్ లేకుండానే మోసే వీలుంది. న్యూజెర్సీలో పర్మిట్ లేకుండా మోస్తే జైలే. రాష్ట్రం సరిహద్దు దాటితే మళ్లీ మొదటికొస్తుంది. మన కోదాడ, జగ్గయ్యపేట కథే.

ఇంట్లో ఉన్నప్పుడు...

తుపాకీ ఒంటి మీద ఉండేది కొన్ని గంటలు. మిగతా కాలమంతా ఇంట్లోనే. ఇది ఎవరూ మాట్లాడని భాగం. అమెరికాలో ఏటా తుపాకీతో పోయే ప్రాణాల్లో సగానికిపైగా ఆత్మహత్యలే. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ముప్పు పెరుగుతుందని అక్కడి పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్తున్నాయి. దొంగ కోసం కొన్నది, ఇంట్లోవాళ్ల చెడ్డ రాత్రికి చేతికందుతుంది. ఇంట్లో ఎవరైనా మనసు బాగోక ఉన్నా, తాగుడు అలవాటున్నా, కోపిష్టివాళ్లున్నా, కొనే ఆలోచన అక్కడితో ఆపేయడం మంచిది. మీ మనసే బాగోలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ వాళ్లు తెలుగులోనూ మాట్లాడతారు.

కొన్నవాళ్లు చేయాల్సింది సూటిగా: తాళం ఉన్న ఇనుప పెట్టె, తూటాలకు వేరే పెట్టె, తాళం చెవి ఒక్కరి దగ్గరే. ముట్టుకున్న ప్రతిసారీ అందులో తూటాలున్నాయనే అనుకోవాలి. కాల్చకూడని దేనివైపూ గొట్టం తిప్పకూడదు. కాల్చాలని నిర్ణయించుకునే దాకా వేలు ట్రిగ్గర్ మీదకి పోకూడదు. లక్ష్యం వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు.

చివరికి చెల్లి ఏం చేసింది?

రెండు వారాలు ఆలోచించింది. మొదట చేసిన పనులకి తుపాకీతో సంబంధమే లేదు. బంకులో సగానికిపైగా జనం స్కాన్ చేసే కడుతున్నారు కాబట్టి క్యాష్ ఎలాగూ తగ్గింది. ఉన్నదాన్ని రాత్రి ఇంటికి తెచ్చుకోవడం మానేసింది. బంకులోనే నేలకి బిగించిన సేఫ్ పెట్టించింది, పొద్దున వెలుగులో ఇద్దరు కలిసి బ్యాంకుకి వెళ్తున్నారు. ఇంటికెళ్లే వేళ, దారి రోజూ మారుస్తోంది. బంకులో పనిచేసే పెద్దాయన బండి మీద తోడుగా వెళ్తున్నాడు. ఫోన్లో 112 ఒక్క నొక్కుకి వచ్చేలా పెట్టుకుంది. స్కూటీ తాళానికే చిన్న పెప్పర్ స్ప్రే వేలాడదీసింది. దానికి లైసెన్సు అక్కర్లేదు, పొరపాటున తగిలినా ప్రాణం పోదు.

రివాల్వర్ సంగతి? వద్దనలేదు. నెలకోసారి హైదరాబాద్ వచ్చి షూటింగ్ నేర్చుకుంటానంది. గగన్ నారంగ్, ఈషా సింగ్ లాంటి వాళ్లు ఎదిగిన ఊరు కదా, నేర్పేవాళ్లకి కొదవలేదు. మొదట ఎయిర్ పిస్టల్‌తో మొదలైంది. తొలిరోజు పది మీటర్ల దూరంలో కాగితానికి కూడా తగల్లేదట. కదలని కాగితం, వెలుతురున్న హాలు, పక్కనే కోచ్. చీకటి, హైవే, దడదడలాడే గుండె వీటిలో ఏదీ లేదు.

ఆ సాయంత్రం రేంజి బయట టీ తాగుతూ అడిగాను, “మరి నాన్న తుపాకీ?” అని.

“డీలరు దగ్గరే ఉండనీ అక్కా. ఏడాది నేర్చుకున్నాక కూడా కావాలనిపిస్తే అప్పుడు అప్లై చేస్తా. అప్పటికి భయం పోతే ఇక అక్కర్లేదు కదా” అంది.

తర్వాత తన వాటర్ బాటిల్ నా చేతికిచ్చి హెల్మెట్ పెట్టుకుంది. అర లీటరు బాటిలే. పట్టుకుంటే ఏమంత బరువనిపించలేదు.